కటింగ్ మిషన్ల దగ్గర వడ్రంగుల వేళ్లు పోకుండా చూడాలి

సంపాదకులు గారికి,

ఇళ్ల పని జరుగుతున్న చోట వడ్రంగుల కటింగ్ టేబుల్ ఎలా ఉంటోందో ఒకసారి దగ్గరికి వెళ్లి చూడండి. ప్లైవుడ్ బల్లకు సన్నగా గాటు పెట్టి, రాయి కోసే మార్బుల్ కట్టర్‌ను కింది నుంచి తలకిందులుగా బిగిస్తారు. బ్లేడును కప్పే గార్డు తీసేసి చెక్క కోసే బ్లేడు వేస్తారు. స్విచ్చు వదిలితే ఆగిపోతోందని కొందరు దాన్ని తీగతో కట్టేస్తారు. ఇక ఆపాలంటే ప్లగ్గు పీకాల్సిందే.

చెక్కను నిలువునా చీల్చేటప్పుడు, లోపలి బిగువు వల్ల కోసిన సందు ఒక్కోసారి మూసుకుపోయి బ్లేడును పట్టేస్తుంది. బ్లేడు వెనకవైపు పళ్లు పైకి తిరుగుతుంటాయి కాబట్టి చెక్కను లేపి మనిషి మీదికి విసురుతాయి. చెక్కను పట్టుకున్న చెయ్యి బ్లేడు మీద పడుతుంది. సందు మూసుకోకుండా బ్లేడు వెనకే నిలబడే ఉక్కు రేకును రివింగ్ నైఫ్ అంటారు. ఈ బల్లలకు అది ఉండదు.

ఐటీఐలో వడ్రంగం నేర్పినవాడిగా నాకు ఎక్కువ భయం గాడి కోత, రిబేట్ కోత (చెక్క అంచున మెట్టులా కోయడం) అంటేనే. బ్లేడు చెక్క లోపలే ఉంటుంది, పైకి కనబడదు. చెక్క చివరికి రాగానే ఒక్కసారిగా బయటపడుతుంది. వెనక నుంచి తోస్తున్న బొటనవేలు సరిగ్గా అక్కడే ఉంటుంది. ఈ కోతకు పై గార్డు అడ్డం కాబట్టి తీయక తప్పదు. అయితే బ్లేడు కన్నా పిసరంత తక్కువ ఎత్తున్న రివింగ్ నైఫ్‌ను అలాగే ఉంచవచ్చు. చేత్తో కాకుండా తోపుడు చెక్కతో నెట్టాలి. ఆ తోపుడు చెక్క పనిలో మిగిలిన ముక్కతోనే తయారవుతుంది, పైసా ఖర్చు లేదు.

1948 ఫ్యాక్టరీల చట్టం మిషన్లకు రక్షణ తొడుగులు ఉండాలనేది. కానీ కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటేనే దాన్ని ఫ్యాక్టరీ అనేవారు. దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 కార్మిక భద్రత కోడ్‌లో ఆ సంఖ్యను 20 చేశారు. ఇద్దరు ముగ్గురు పనిచేసే షాపును పట్టించుకునేవారే లేరు.

అమెరికాలో వేలు తగలగానే రెప్పపాటు కన్నా ముందే ఆగిపోయే రంపాలు 2004 నుంచీ అమ్ముతున్నారు. అంత ఖరీదైనవి మన వడ్రంగి కొనలేడు. అందుకే నేను అడిగేది చిన్నది. 2023 సెప్టెంబరు 17న చేతివృత్తులవారి కోసం మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులున్నారు. 15,000 రూపాయల పనిముట్ల సాయం, 5 నుంచి 7 రోజుల శిక్షణ ఉన్నాయి. ఆ శిక్షణలో కనీసం ఒక పూట మిషన్ దగ్గర నిలబెట్టి గాడి కోత చేయించాలి. బ్లేడుకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడటం, చెక్క మందం కన్నా కాస్త మాత్రమే పైకి ఉండేలా బ్లేడు ఎత్తు సరిచూసుకోవడం, తోపుడు చెక్క చేసుకోవడం చేతితో చేయించి నేర్పాలి. ఆ సాయంతో ఇచ్చే రంపాలకు గార్డు, రివింగ్ నైఫ్ తప్పనిసరి చేయాలి. ఇవి లేని టేబుల్ రంపాలను షాపుల్లో అమ్మనివ్వకూడదు.

— ఒక రిటైర్డ్ ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్, రాజమహేంద్రవరం