ఆ నవ్వు మాటకా, యాసకా?

సంపాదకుడు గారికి,

నలుగురు స్నేహితులు కూర్చున్నచోట శ్రీకాకుళం యాసనో తెలంగాణ యాసనో అనుకరించి నవ్వించడం మామూలైపోయింది. ఎవరైనా నొచ్చుకుంటే ‘సరదాకన్నదానికి అంత పట్టింపేంటి’ అంటారు. ఆ సరదా ఎక్కడుందో తేల్చుకోవడం తేలికే. అదే జోకును పత్రికల తెలుగులో చెప్పి చూడండి. అప్పుడూ నవ్వొస్తే జోకులో సరుకున్నట్టు. రాకపోతే అప్పటిదాకా నవ్వింది మనిషి పలుకును చూసే. సామెత మీదా శ్లేష మీదా నడిచే జోకుకు మాత్రం ఈ పరీక్ష చెల్లదు. దానికి ఆ ఊరివాళ్లు నవ్వుతున్నారో లేదో చూడాలి.

టీవీ హాస్య కార్యక్రమాల్లో చాలావరకు ఆ యాసైనా సరిగా ఉండదు. కోస్తా వాక్యం రాసుకుని పైన ‘గిట్ల, గట్ల’ చల్లుతారు. ‘గిట్ల చెప్పాడు’ అని తెలంగాణ పల్లెలో ఎవరంటారు? ‘చెప్పిండు’ అంటారు. ఉత్తరాంధ్ర పాత్రకు వాక్యం చివర ‘ఏటి’ తగిలించి, కనబడ్డ ‘చ’నల్లా ‘స’ చేసేస్తారు. ‘చెప్పు’ ‘సెప్పు’ అవుతుంది గానీ ‘వచ్చి’ ఎన్నడూ ‘వస్సి’ కాదు. ‘వచ్చీసినాడు, తినీసినాడు’ లాంటి క్రియల జోలికే పోరు. యాస ప్రాణమంతా క్రియలోనే ఉంటుంది.

పాత తెలుగు ‘వచ్చినాఁడు’ను తీసుకోండి. సీమలో ఇప్పటికీ ‘వచ్చినాడు’. కృష్ణా, గుంటూరుల్లో కుదించుకుపోయి ‘వచ్చాడు’. తెలంగాణలో ‘వచ్చిండు’, కరీంనగర్ వైపు ‘అచ్చిండు’. ఒక్క మాటే ఇన్ని దారులు పట్టింది. వీటిలో ఒకటి మర్యాద, మిగతావి మోటు అని ఏ వ్యాకరణం చెప్పింది? భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా చూపించారు. పత్రికల తెలుగు వాటిలో కృష్ణా, గుంటూరులున్న మధ్య మండలానికి దగ్గర, అంతే.

దొంగకూ పనిమనిషికీ యాస, కలెక్టరుకూ డాక్టరుకూ ‘మంచి తెలుగు’ అని పంచిపెట్టడం వల్ల నష్టం బడిదాకా వస్తోంది. నవ్వుతారని తెలిసిన పిల్ల జవాబు వచ్చినా లేచి చెప్పదు.

ఛానెళ్లు రికార్డింగుకు ముందు ఆ ప్రాంతం మనిషి చేత క్రియలు దిద్దించాలి. ఆగస్టు 29 వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి వారి జయంతి, సెప్టెంబరు 9 తెలంగాణ యాసకు గొంతైన కవి కాళోజీ జయంతి. కనీసం ఆ రెండు రోజులైనా వార్తలూ డాక్టర్ల సలహాలూ శ్రీకాకుళం, తెలంగాణ పలుకుబడుల్లో వినిపించమని కోరుతున్నాను.

— ఒక తెలుగు ఉపాధ్యాయుడు, విజయనగరం