పాత బోటు ఇంజిన్లకు హార్బర్‌లోనే తనిఖీ కావాలి

సంపాదకుడు గారికి,

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ రెండు నెలల్లో విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి పెదజాలారిపేట, భీమిలి దాకా పాత ఔట్‌బోర్డ్ ఇంజిన్లు (తెప్ప వెనక బయట బిగించేవి) చేతులు మారుతుంటాయి. కొత్తది కొనే స్తోమత లేక, సబ్సిడీ వచ్చేదాకా ఆగలేక ఫైబర్ తెప్పల వాళ్లు సెకండ్ హ్యాండ్ వైపే చూస్తారు. అందులో తప్పేం లేదు. శ్రద్ధగా వాడిన ఇంజిన్ పాతదైనా చాలా ఏళ్లు పనిచేస్తుంది. కానీ ఏది శ్రద్ధగా వాడినదో, ఏది పైపైన రంగు కొట్టి పెట్టినదో తేల్చి చెప్పే నాథుడే లేడు. అమ్మేవాడి మాట, మధ్యవర్తి మాట నమ్మి డబ్బులు కట్టాల్సిందే.

ఈ మధ్య మా తమ్ముడి కొడుకు 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజిన్ ఒకటి బేరమాడుతుంటే తోడుగా వెళ్లాను. మేం వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంది. అంటే ముందే ఓసారి తిప్పి పెట్టారు. తాడు లాగగానే అందుకుంది, నీళ్ల డ్రమ్ములో చక్కగా తిరిగింది. కుర్రాడు అడ్వాన్సు తీయబోతుంటే ఆపి, కింద గేర్ ఆయిల్ స్క్రూ విప్పమన్నాను. పాలు కలిపిన టీ రంగులో ఆయిల్ కారింది. సీలు పోయి ఉప్పునీరు లోపలికి దిగుతోందన్నమాట. గేర్లు, బేరింగులు తుప్పుపట్టి అరిగిపోవడానికి అది చాలు. కొనకుండా వచ్చేశాం. ఆ ఇంజిన్ తర్వాత ఎవరికి అమ్ముడుపోయిందో అని ఇప్పటికీ మనసులో పీకుతూనే ఉంది.

అందుకే పాత ఇంజిన్ కొనేముందు దాన్ని చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. సిలిండర్లలో కంప్రెషన్ గేజ్ (లోపలి ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టి చూడాలి, రెండు సిలిండర్లకీ బాగా తేడా ఉంటే లోపల అరిగినట్టే. పెట్రోల్‌లో ఆయిల్ తక్కువ కలిపి నడిపిన ఇంజిన్‌కి సిలిండర్ గీతలు పడతాయి, అది బయటికి కనబడదు. చల్లబరిచే నీళ్ల ధార సన్నగా వస్తుంటే పంపులో నీళ్లను తోసే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) పోయిందనో, ఉప్పు గడ్డకట్టి దారి మూసుకుందనో అనుమానించాలి. మోడల్ నంబరు ప్లేటు పీకేసి ఉంటే మాత్రం ఎంత చవకైనా ముట్టుకోకూడదు. దొంగసొత్తు కావచ్చు, కాకపోయినా సరైన స్పేర్ పార్టులు దొరకడం కష్టం. దీనికితోడు ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోల్. పాత ఇంజిన్లు దానికోసం చేసినవి కావు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను పాడుచేస్తుంది.

ఇన్ని పరీక్షలు ఒక మత్స్యకారుడు తనంతట తాను చేసుకోగలడా? గేజ్ ఎవరి దగ్గరుంది? తీరా కొన్న ఇంజిన్ నడిసముద్రంలో ఆగిపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు. పడమటి గాలి వీస్తుంటే తెప్ప ఒడ్డుకు రాదు, ఇంకా లోపలికే కొట్టుకుపోతుంది. కోస్ట్ గార్డ్ 1554 నంబరుకి ఫోన్ చేద్దామన్నా కొంత దూరం పోయాక సిగ్నల్ ఉండదు. ఒడ్డున ఇంట్లోవాళ్ల టెన్షన్ మా పేటలో అందరికీ తెలిసిందే.

దీనికి కొత్త ఆఫీసులేమీ కట్టనక్కర్లేదు. మెరైన్ ఫిట్టర్ కోర్సు నేర్పే కేంద్ర సంస్థ సిఫ్‌నెట్ శాఖ విశాఖలోనే ఉంది. నిషేధం రోజుల్లో వారానికి ఒకటి రెండు రోజులు అక్కడి విద్యార్థులు, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో, హార్బర్‌కి వచ్చి అమ్మకానికి పెట్టిన ఇంజిన్లను పరీక్షించవచ్చు. వాళ్లకూ చేతిపని వస్తుంది. కంప్రెషన్ ఎంత, గేర్ ఆయిల్ ఎలా ఉంది, ఇంజిన్ నంబరు ఏమిటి అని తెలుగులో ఒక కాగితం మీద రాసి, మత్స్యశాఖ ముద్ర వేసిస్తే చాలు. కొనాలా వద్దా అన్నది కొనేవాడే తేల్చుకుంటాడు. నామమాత్రపు ఫీజు పెట్టినా మావాళ్లు కడతారు.

వచ్చే ఏప్రిల్ లోపే మత్స్యశాఖ అధికారులు సిఫ్‌నెట్‌తో మాట్లాడి తనిఖీ రోజులు ప్రకటించాలని, ఆ సమాచారం హార్బర్‌తో పాటు మంగమారిపేట, అప్పికొండ లాంటి ఊళ్లకూ చేరేలా చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మత్స్యకార కుటుంబ పెద్ద,
పెదజాలారిపేట, విశాఖపట్నం