చి॥ రవికి నాన్న ఆశీస్సులు

గుంటూరు, బ్రాడీపేట

చి॥ రవీ,

ఇక్కడ అందరం కులాసా. ఎండలు ముదిరాయి. మీ అమ్మ కారం పట్టించి సీసాలకెత్తింది, అటు వచ్చేవాళ్లుంటే చెప్పు, పంపిస్తాం. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదురా?

సుబ్బులు అత్తయ్య ఒక మాట అంది. తాతయ్య పేరు గ్రహశకలానికి పెట్టిస్తామంటే నువ్వెవరికో డబ్బు కట్టావట. కట్టి ఉండవనే అనుకుంటున్నాను. అయినా ఆ పేర్లు ఎలా వస్తాయో విను.

రామానుజన్ పేరున్న శకలాన్నే తీసుకో. కుజుడికీ గురుడికీ మధ్య తిరుగుతుంది. తమిళనాడులోని కావలూరులో 1988 ఫిబ్రవరి 17న ఆర్. రాజమోహన్ గారు కనిపెట్టారు. మొదట దానికి పేరేమీ లేదు, 1988 డీక్యూ1 అన్న తాత్కాలిక గుర్తు తప్ప. ప్రతి నెలనూ రెండు సగాలు చేసి ఒక్కోదానికి ఒక్కో అక్షరం ఇస్తారు. ఫిబ్రవరి 16 నుంచి నెలాఖరు వరకు డీ. ఐ వదిలేసి లెక్కపెడితే క్యూ 16వది. పక్కన 1 ఉంటే 25 అక్షరాలూ ఒక చుట్టు అయిపోయాయని. అంటే ఆ సగం నెలలో గుర్తు పొందిన 41వ శకలం. వేళ్ల మీద లెక్కేసి చూసుకో.

గుర్తు రాగానే పేరు రాదు. రెండు మూడు రాత్రుల కొలతలతో ఆగిపోతే, కక్ష్య లెక్కలోని చిన్న తేడా ఏళ్లు గడిచేకొద్దీ పెద్దదై, శకలం ఎక్కడుందో తెలియకుండా పోతుంది. అందుకే మామూలుగా నాలుగైనా వేర్వేరు సంవత్సరాల్లో చూసి, కక్ష్య గట్టిగా తేలాకే శాశ్వత సంఖ్య ఇస్తారు. రామానుజన్‌ది 4130. సంఖ్య వచ్చాక పదేళ్ల వరకు పేరు సూచించే హక్కు కనిపెట్టినవాళ్లది. ఖాయం చేసేది అంతర్జాతీయ ఖగోళ సంఘం కమిటీ. ఇందులో డబ్బుతో కొనేది ఎక్కడుంది? నువ్వు కట్టినచోట ఇచ్చేది కాగితమే.

పేరు 16 ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదు, ఇంటిపేరుతో కలిపితే తాతయ్యది దాటుతుంది. రాజకీయాల వల్ల పేరొచ్చినవారికైతే పోయాక నూరేళ్లు ఆగాలి. తాతయ్య సర్పంచ్‌గా చేశారు కదా.

తాతయ్యంటే నీకెంత ప్రాణమో తెలుసు. కట్టినా తిట్టను. రసీదు ఫోటో పంపు, బ్యాంకుకి వెంటనే చెప్పు, ఆలస్యమైతే తిరిగి రాదు. ఇంకో వాయిదా అడిగితే మాత్రం పైసా ఇవ్వకు. రాత్రిళ్లు మేలుకోకు, పెరుగన్నం మానకు. ఆదివారం పొద్దున తొమ్మిదికి అమ్మకి ఫోన్ చెయ్యి.

నాన్న