పైలింగ్ మోతకు చేపల మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట... మన తీరం వెంట రేవులు కడుతున్నారు. డ్రెడ్జింగ్ (సముద్రపు అడుగు తవ్వడం) మట్టి మీద చర్చ జరుగుతోంది గానీ, నీళ్లలో మోత గురించి వినిపించేది తక్కువ.

రేవు పునాదికి ఉక్కు పైలును (స్తంభాన్ని) సముద్రపు అడుగులోకి సుత్తితో దిగ్గొడితే ప్రతి దెబ్బా ఒత్తిడి అలై చేపలోని గాలితిత్తిని నొక్కి వదులుతుంది. దగ్గరుంటే తిత్తి చిట్లుతుంది. దూరంగా ఉన్నా గుంపు చెదురుతుంది. ఐర్లండ్‌లోని లోక్ హైన్ అనే ఉప్పునీటి సరస్సులో ఇలాంటి చప్పుడే వినిపిస్తే స్ప్రాట్ అనే చిన్న చేపల గుంపులు చెల్లాచెదురయ్యాయి, మాకెరెల్ (కానాగంత జాతి) చేపలు లోతు మార్చాయి. గొరకలది మరో చిక్కు: జత కోసం అవి చేసే గుర్రుమనే సద్దు ఆ మోతలో మునిగిపోతుంది.

ఈ మోతకు మందు ఉంది. పైలు చుట్టూ అడుగున చిల్లుల గొట్టం పరిచి కంప్రెసర్‌తో గాలి పంపితే బుడగల తెర లేస్తుంది, శబ్దం చాలావరకు అక్కడే ఆగుతుంది. అయితే గొట్టం నేలకు ఆనకపోతే కింది సందులోంచి మోత జారిపోతుంది. బురదకు చిల్లులు పూడుకుపోతాయి. ప్రవాహం జోరుగా ఉంటే బుడగలు పక్కకు కొట్టుకుపోయి పైలు బయటపడుతుంది. అప్పుడు రెండో వలయం వెయ్యాలి, లేదా ప్రవాహం తగ్గేదాకా ఆగాలి.

జర్మనీలో 750 మీటర్ల దూరంలో ఒక్కో దెబ్బ శబ్దశక్తి 160 డెసిబెల్స్ దాటకూడదు. (గాలిలో డెసిబెల్స్‌తో దీన్ని పోల్చకండి, కొలమానం వేరు.) మన టెండర్లలోనూ ఇలాంటి హద్దు, హైడ్రోఫోన్ (నీళ్లలో శబ్దం పట్టే మైకు) కొలత రాయాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంతో మరపడవలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి అప్పుడే పైళ్లు దించేద్దామనిపిస్తుంది. దయచేసి వద్దు. ఆ వేట నిషేధం చేపలు గుడ్లు పెట్టుకోవడానికే.

– ఒక మెరైన్ ఇంజినీరు, విశాఖపట్నం