రెండిళ్ళ బిడ్డ తలలో పేలు: తప్పుతున్నది తేదీల లెక్క

సంపాదకులకు నమస్కారం.

పిల్లల తలలో పేల గురించి పత్రికల్లో వచ్చే సలహాలన్నీ బిడ్డ ఒకే ఇంట్లో ఉంటుందనుకుని రాసినవే. ఓ వారం అమ్మ దగ్గర, ఓ వారం నాన్న దగ్గర పెరిగే పిల్లలకు అవి సగమే పనికొస్తాయి. ఈ పిల్లల తలల్లో పేలు నెలల తరబడి పోవడం లేదంటే దానికి మురికి కారణం కాదు. చాలాసార్లు మందు తప్పు కూడా కాదు. రెండోసారి మందు పెట్టాల్సిన రోజున బిడ్డ ఇంకో ఇంట్లో ఉంటుంది, ఆ ఇంటివాళ్ళకు ఆ తేదీ తెలియదు. అంతే.

పేను ఈపిని వెంట్రుక మొదట్లో, మాడుకు అర సెంటీమీటరు దూరంలో అతికిస్తుంది. సాధారణంగా 8, 9 రోజులకు అది పగిలి పిల్లపేను బయటికొస్తుంది. ఆ పిల్ల ఎదిగి తాను ఈపులు పెట్టడానికి ఇంకో 9 నుంచి 12 రోజులు పడుతుంది. ఎక్కువమంది వాడే 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ పాకే పేనును చంపుతుంది గానీ ఈపిని చంపదు. కాబట్టి మొదటి మందు పెట్టిన రోజును సున్నాగా లెక్కించి, 9వ రోజున రెండోసారి పెట్టాలి. అప్పటికి పిల్లపేలు దాదాపు అన్నీ బయటికొచ్చి ఉంటాయి, ఒక్కటీ ఇంకా ఈపి పెట్టే వయసుకు రాదు. మూడో రోజునే మళ్ళీ పూస్తే ఈపులు భద్రంగా ఉంటాయి, మాడు మాత్రం మండుతుంది. మూడు వారాలకు పెడితే కొత్త తరం అప్పటికే ఈపులు పెట్టేసి ఉంటుంది. కొందరు వైద్యులు 0, 7, ఆపై 13 నుంచి 15 రోజుల మధ్య అని మూడుసార్లు పెట్టిస్తారు. ఏ పద్ధతయినా సరే, రెండిళ్ళూ ఒకే పద్ధతికి కట్టుబడాలి.

ఒక ఆదివారం అమ్మ మందు పెట్టిందనుకోండి. శుక్రవారం సాయంత్రం బిడ్డ నాన్న ఇంటికి వెళుతుంది. 9వ రోజు మరుసటి మంగళవారం, అంటే నాన్న ఇంట్లో. ఆయనకు ఈ సంగతి చెప్పకపోతే ఆ మోతాదు పడదు. తర్వాతి శుక్రవారం బిడ్డ తిరిగి వచ్చేసరికి తలలో పేలు మళ్ళీ పాకుతుంటాయి, 'అక్కడే అంటించుకొచ్చింది' అని మొదలవుతుంది. ఈ గొడవలో పడినవాళ్ళకు రెండు విషయాలు చెప్పాలి. పేలు మొదటిసారి పట్టిన తలకు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. అంటే మీ కంటపడే నాటికి బిడ్డ ఆ పేలను రెండిళ్ళకూ ఎన్నోసార్లు మోసుకెళ్ళి ఉంటుంది. రెండోది, తల వదిలిన పేను రక్తం దొరక్క ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది, రాలిన ఈపికి మాడు వెచ్చదనం లేక అది పగలదు. బిడ్డ వెళ్ళి మూడు రోజులైన ఇంట్లో మంచాల మీద, కుర్చీల మీద బతికున్న పేను ఉండదు. ఉంటే మనుషుల తలల్లోనే ఉంటుంది. పేను ఎగరదు, దూకదు, తలకు తల తగిలినప్పుడే పాకుతుంది.

కాబట్టి ముందుగా చేయాల్సింది రెండిళ్ళలోనూ ఒకే రోజు అందరి తలలూ చూడటం. బిడ్డను పక్కలో వేసుకుని పడుకునే పెద్దలను ముఖ్యంగా చూడాలి. వాళ్ళకు దురద లేకపోవచ్చు, 'నాకెందుకుంటాయి' అనేవాళ్ళే ఎక్కువ. బతికున్న పేను కనబడిన ప్రతి తలకూ అదే రోజు మందు పెట్టాలి, పక్కలో పడుకునేవాళ్ళకు కూడా. మిగతావాళ్ళకు ముందుజాగ్రత్త పేరుతో పూయడం అనవసరం.

పొడి తలను వేళ్ళతో విడదీసి చూస్తే దొరకవు, వెలుతురు పడగానే పరుగెత్తుతాయి. జుట్టు తడిపి కండిషనర్ దట్టంగా పట్టించండి, పేలు కాసేపు కదల్లేవు. ముందు మామూలు దువ్వెనతో చిక్కు తీయండి. తర్వాత పళ్ళ మధ్య సందు 0.3 మిల్లీమీటర్లకు మించని పేల దువ్వెన తీసుకోండి. లోహపు పళ్ళదైతే మేలు, ప్లాస్టిక్ పళ్ళు వంగి సందు పెరుగుతుంది. జుట్టును పాయలుగా తీసి, పళ్ళు మాడుకు ఆనించి, చివరిదాకా ఒకే ఊపున లాగాలి. లాగిన ప్రతిసారీ తెల్ల కాగితం మీద తుడిచి చూడాలి. చెవుల వెనక, మెడ పైభాగం దగ్గర ఎక్కువసేపు ఉండండి. తల మొత్తం రెండుసార్లు దువ్వాలి, పొడుగు జుట్టుకు అరగంట పైనే పడుతుంది. చుండ్రు జారిపోతుంది, ఈపి జారదు. మాడుకు ఒక సెంటీమీటరు పైన ఉన్న ఈపులు ఖాళీ గుల్లలో, చచ్చినవో అయి ఉంటాయి. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది మరి. ఆ గుల్లలను చూసి మళ్ళీ మందు పెట్టేవాళ్ళు చాలామంది.

లోషన్ విషయంలో జరిగే పొరపాట్లు చిన్నవే, కానీ పని చెడగొడతాయి. కండిషనర్ కలవని షాంపూతోనే తల కడగాలి, లేకపోతే వెంట్రుక మీద పొర ఏర్పడి మందు అంటదు. అంటే, కండిషనర్ వేసి దువ్విన రోజునే మందు పెట్టాలనుకుంటే దాన్ని పూర్తిగా కడిగేయాలి. తువ్వాలుతో ఒత్తాక, నీళ్ళు కారని తడి జుట్టుకు మొదళ్ళ నుంచి చివరిదాకా పట్టించి, గడియారం చూసి 10 నిమిషాలు ఉంచాలి. భుజాలు దాటిన జుట్టుకు ఒక సీసా చాలకపోవచ్చు. కడిగేటప్పుడు తల వంచి గోరువెచ్చని నీళ్ళు పోయాలి, ఒళ్ళంతా పారనివ్వద్దు. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు తలస్నానం వద్దు. సీసా మీద 1 శాతం అని ఉందో లేదో చూడండి, 5 శాతం క్రీము గజ్జికి ఇచ్చేది. 8 నుంచి 12 గంటల తర్వాత చూస్తే పేలు ఈడ్చుకుంటూ కదులుతుంటే మందు పనిచేస్తున్నట్టే. మునుపటిలాగే చురుగ్గా ఉంటే ఆ మందుకు లొంగని పేలని అర్థం. అదే సీసా మళ్ళీ మళ్ళీ కొనకుండా డాక్టరును అడగండి. అలాంటప్పుడు డైమెథికోన్ ఒక దారి. అది విషం కాదు, పేను చుట్టూ పొరలా కమ్మి చంపుతుంది. 4 శాతం లోషన్‌ను రాత్రంతా, అంటే 8 గంటలు, ఉంచి 7 రోజులకు మళ్ళీ పూస్తారు. దాన్ని పూసిన తలను మంట దగ్గరికి రానివ్వద్దు.

మందే వద్దనుకుంటే పైన చెప్పిన తడి దువ్వకం ఒక్కటే చేయవచ్చు: 1, 5, 9, 13 రోజుల్లో దువ్వి, 17వ రోజున ఆఖరిసారి చూడాలి. పై ఉదాహరణలోని ఆదివారమే ఇక్కడ ఒకటో రోజు అనుకుంటే, 5వ రోజు గురువారం అమ్మ ఇంట్లో, 9వ రోజు సోమవారం నాన్న ఇంట్లో పడతాయి. 13వ రోజు శుక్రవారం, సరిగ్గా బిడ్డ ఇల్లు మారే రోజు. 'వాళ్ళు దువ్వి పంపుతారులే' అని ఒకరు, 'వచ్చాక దువ్వుతారులే' అని ఇంకొకరు. మొత్తం శ్రమ మట్టిపాలయ్యేది అక్కడే. ఇంకో చిక్కు కూడా ఉంది. మందు లెక్కలో మొదటి రోజు సున్నా, దువ్వకం లెక్కలో ఒకటి. అందుకని 'తొమ్మిదో రోజు' అని కాకుండా తేదీ, వారం, ఎవరి ఇంట్లో, ఎవరి చేత్తో అని కాగితం మీద రాసి బిడ్డ సంచిలో పెట్టండి, ఫొటో తీసి అవతలి ఇంటికి పంపండి. పెట్టిన మందు పేరు, దువ్వెనకు వచ్చిన బతికున్న పేల లెక్క కూడా అందులోనే రాయాలి. మొదటిరోజు 20, ఐదో రోజు 6, తర్వాత 0 అని ఉంటే దారిలో ఉన్నట్టు. 0 తర్వాత ఒక్కసారిగా పెద్ద పేలు నాలుగైదు వస్తే కొత్తగా ఎక్కించుకున్నట్టు. పిల్లపేలే వస్తుంటే మాత్రం పాత ఈపులవి. మాట్లాడుకోని ఇద్దరు పెద్దలకు కూడా ఆ కాగితం పనిచేస్తుంది.

ఇల్లు దులపడం మీద ఇంత మాట అక్కర్లేదు. మందు పెట్టడానికి ముందు రెండు రోజుల్లో వాడిన దిండు గలీబులు, తువ్వాళ్ళు, టోపీలు 54 డిగ్రీలకు తగ్గని వేడినీళ్ళలో ఉతకాలి, దువ్వెనలు అదే వేడిలో 10 నిమిషాలు నానబెట్టాలి. ఉతకలేనివి సంచిలో మూటగట్టి రెండు వారాలు పక్కన పెట్టవచ్చు. ఇల్లంతా పురుగుమందు కొట్టడం దండగ, పైగా పిల్లల ఊపిరికి చేటు. తలకు కిరోసిన్ పట్టించడం అంతకంటే ప్రమాదం. గుండు చేయించాల్సిన అవసరం లేదు. అన్నట్టు, గుండ్రంగా జుట్టు ఊడే 'పేనుకొరుకుడు'కు పేలతో ఏ సంబంధమూ లేదు.

పేలు పోయాక కూడా వారం పది రోజులు దురద ఉండవచ్చు, దాన్ని చూసి మూడో సీసా విప్పద్దు. గోకిన చోట చీము, పసుపు పొక్కులు, మెడ వెనక గడ్డలు కనిపిస్తే, రెండు నెలలు నిండని పసికందుకు పేలు పడితే, సొంత వైద్యం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకెళ్ళండి, ఏ మందు ఎన్నిసార్లు పడిందో డాక్టరు మొదట అడిగేది అదే.

ఇట్లు,
పిల్లల వార్డులో పనిచేసే ఒక నర్సు