రసమట్టాన్ని తిప్పి చూడు

చిన్నా,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు చిరాగ్గా ఉన్నావు, ఏం చెప్పినా ఎక్కదని ఊరుకున్నాను. నీ మీటర్ సర్క్యూట్ బోర్డు పక్కన పెట్టుకుని ఇది చదువు.

సోలార్ ప్యానెల్ వాలు కొలిచే మీటర్ టేబుల్ మీద ఊరికే ఉన్నప్పుడే మూడు డిగ్రీలు చూపిస్తోంది, కోడ్‌లో మూడు తీసేశాను అన్నావు. మీ వరంగల్ వైపు ప్యానెల్‌ని దాదాపు 18 డిగ్రీల వాలులో బిగిస్తారు కదా, అందులో మూడంటే తక్కువేం కాదు. అసలు ఆ మూడూ సెన్సార్‌వేనని నీకెవరు చెప్పారు? టేబుల్‌వి కావచ్చుగా!

మీ తాతయ్య తాపీ పనికి రసమట్టం, అదే బుడగతో మట్టం చూసే పనిముట్టు, కొనేటప్పుడు షాపు గట్టు మీదే పరీక్ష పెట్టేవాడు. ఒకసారి పెట్టి బుడగ చూసేవాడు. అదే చోట ఈ కొస అటు, ఆ కొస ఇటు వచ్చేలా తిప్పి మళ్లీ చూసేవాడు. రెండుసార్లూ బుడగ రోడ్డు వైపే జరిగితే గట్టు వాలుగా ఉన్నట్టు. ఒకసారి రోడ్డు వైపు, ఒకసారి గోడ వైపు జరిగితే సరుకులోనే లోపం. షాపాయన విసుక్కున్నా వదిలేవాడు కాదు.

నీ మీటర్‌లో వాలు కొలిచే సెన్సార్ చిప్ ఉంది కదా, ఆ ఎంపీయూ-6050ని కూడా అలాగే తిప్పు. జీ అంటే భూమి లాగే బలం, కౌంట్లంటే చిప్ ఇచ్చే అంకెలు. రెండు జీ దాకా కొలిచే రేంజ్‌లో ఒక జీకి 16384 కౌంట్లు. ఇప్పుడు చిప్ కొలిచే మూడు దిక్కుల్లో ఒకటైన ఎక్స్ 850 చూపిస్తోందనుకో, అదే నీ మూడు డిగ్రీలు. బాక్స్‌ని టేబుల్ మీదే సగం చుట్టు తిప్పితే 540 వచ్చిందనుకో. రెండింటి సగటు 695, ఇది మీటర్‌తో పాటు వచ్చే తప్పు. తేడాలో సగం 155, అంటే అర డిగ్రీ, అది టేబుల్ వాలు. నువ్వు తీసేసిన మూడులో అర డిగ్రీ నీ మీటర్‌ది కానే కాదన్నమాట.

ఆ 695లో కూడా ఇద్దరు వాటాదారులున్నారు. తేలాలంటే బాక్స్‌ని ఆరు ముఖాల మీదా నిలబెట్టాలి. చేత్తో పట్టుకోకు, గోడ మూలకి ఆనించు. ఎక్స్ పైకి ఉన్నప్పుడు 17050, కిందికి ఉన్నప్పుడు మైనస్ 15850 వస్తే, రెండూ కలిపి సగం చేస్తే 600. అదీ చిప్ సొంత ఆఫ్‌సెట్, అంటే సున్నా ఉండాల్సిన చోట అది చూపించే అంకె. తేడాలో సగం 16450, నీ చిప్‌కి ఒక జీ అంటే అది, 16384 కాదు. 695లో మిగిలిన 95 ఎక్కడిది? నువ్వు బోర్డుని బాక్స్‌లో కాస్త వంకరగా బిగించావు. స్క్రూ కింద చూడు. వై, జెడ్‌లకీ ఇదే లెక్క.

చిప్ మీద కోప్పడకు. ఎక్స్, వై ఆఫ్‌సెట్ 50 మిల్లీ జీ (జీలో వెయ్యో వంతు ఒక మిల్లీ జీ) దాకా ఉండొచ్చని కంపెనీవాళ్లే డేటాషీట్‌లో, అంటే చిప్ వివరాల పత్రంలో, రాసుకున్నారు. అదొక్కటే దాదాపు మూడు డిగ్రీలు.

నేనేదో పుట్టుకతో తెలిసినదాన్నని అనుకోకు. మొదటి ఉద్యోగంలో పన్నెండు మీటర్లు ఒకే టేబుల్ మీద సున్నా చేసి పంపాను. అన్నీ తిరిగొచ్చాయి, అన్నిట్లో తప్పు ఒకే వైపుకి! చూస్తే టేబుల్ కాలు కింద ఎవరో అట్టముక్క మడిచి పెట్టారు. తాపీ మేస్త్రి కూతుర్ని అయ్యుండీ తిప్పి చూడాలని తోచలేదు. తాతయ్యకి ఆ సంగతి చాలాకాలం చెప్పలేదు.

ఇంకోటి. కౌంట్లని డిగ్రీలు చెయ్యడానికి నువ్వు సైన్ ఇన్వర్స్ వాడుతున్నావు. మట్టంగా ఉన్నచోట ఒక డిగ్రీకి 286 కౌంట్లు మారతాయి, 80 నుంచి 81కి పోతే 47 మాత్రమే. ఎక్స్, జెడ్ రెండూ తీసుకుని, ఆ రెండిటి నుంచి కోణం లెక్కగట్టే ఏటాన్2 పెట్టు, ఏ వాలులోనైనా సమానంగా పలుకుతుంది. రీడింగ్ తీసేటప్పుడు ఫ్యాన్ ఆపు, రెండు వందల రీడింగులు తీసి సగటు వెయ్యి. మీ ఫ్రెండ్ దీన్నే బైక్‌కి పెడతానన్నాడట, వద్దని చెప్పు. మలుపులో బైక్ ఎంత వంగినా ఇది ఒక్కటే ఉంటే దాదాపు సున్నాయే చూపిస్తుంది.

నాకు టెన్షన్ అంతా ఎండ గురించే. నువ్వు హాస్టల్ గదిలో చల్లగా కూర్చుని సరిచేస్తావు, మీటర్ ఉండేదేమో మే నెలలో కాలుతున్న ప్యానెల్ వెనక. సున్నా నుంచి 70 డిగ్రీల వేడి దాకా ఆఫ్‌సెట్ 35 మిల్లీ జీ వరకు జరగొచ్చని డేటాషీట్‌లోనే ఉంది. అంటే రెండు డిగ్రీలు. ఆ ఆరు ముఖాల పని తెల్లారి ఒకసారి, మధ్యాహ్నం మేడ మీద ఒకసారి చెయ్యి. చిప్‌లోనే టెంపరేచర్ సెన్సార్ ఉంది, దాని రీడింగ్ కూడా పక్కన రాసుకో. టోపీ పెట్టుకో, మజ్జిగ తాగు.

అంకెలు కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు, కోడ్ పంపకు. శనివారం నాన్న అటు వస్తున్నారు, తాతయ్య రసమట్టం ఇచ్చి పంపిస్తున్నా. ఒక పక్క గాజుకి సన్నటి గీత పడింది, కింద పడెయ్యకు.

అమ్మ