పేరు లేని లేఖలు

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మా మండలంలో, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో, మధ్యాహ్న భోజనాల తరువాత మొదలైన ఒక చర్చ సాయంత్రం సంతకాల వేళ దాకా సాగింది. ఫోన్లలో రాసుకునే సందేశాల వల్ల పిల్లల తెలుగు పాడైపోతోందా అన్నది విషయం. శ్రీకాకుళం జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతున్న నన్ను ఆ చర్చ ఇంకా వదలలేదు. ఇటువంటి మాటలు మా ఉపాధ్యాయుల మధ్యనే పుట్టి అక్కడే ఆగిపోతున్నాయి. తల్లిదండ్రులకూ, విద్యాశాఖ పెద్దలకూ ఇవి చేరాలన్న కోరికతో ఈ లేఖ రాస్తున్నాను.

సమావేశంలో ఎక్కువమంది ఫోనునే తప్పుపట్టారు. జవాబుపత్రాల్లో ఒత్తులు మాయమవుతున్నాయని, దీర్ఘాలు ఎగిరిపోతున్నాయని, పది వాక్యాల వ్యాసం రాయమంటే నాలుగో వాక్యం దగ్గరే పిల్లలు కలం మూసేస్తున్నారని ఒక్కొక్కరూ ఉదాహరణలు చెప్పారు. అవి నిజమే. నేనూ చాలాకాలం ఆ మాటే అన్నాను. అయితే తరగతిలో నాలుగు వాక్యాలకే అలసిపోయే పిల్లవాడు రాత్రి పదింటికి స్నేహితుడికి నలభై వాక్యాలు రాస్తున్నాడన్న సంగతిని మేమెవరమూ లెక్కలోకి తీసుకోలేదు. రాయడం మీద వాడికి విసుగు ఉంటే ఆ నలభై వాక్యాలు ఎక్కడివి?

మేము బడిలో రాయించే లేఖను చూడండి. పదో తరగతి పరీక్షలో సృజనాత్మక రచన కింద తరచుగా లేఖ అడుగుతారు. విహారయాత్ర గురించి మిత్రునికి లేఖ, వీధి దీపాల గురించి అధికారికి లేఖ. గైడులో అచ్చయిన లేఖను తరగతి తరగతంతా బట్టీ పట్టి కాగితం మీద దించుతుంది. దిద్దేవారికి విద్యార్థి ఎవరో తెలియకూడదు గనుక పేరు, ఊరు ఉండవలసిన చోట ఇంటూ గుర్తులు పెట్టమని మేమే చెబుతాం. పరీక్షకు ఆ నియమం అవసరమే, కాదనను. కానీ మార్చిలో రాయబోయే ఆ ఒక్క పరీక్ష కోసం జూన్ నుంచీ పిల్లలచేత పేరు లేని లేఖలే రాయిస్తున్నాం. రాసినవారు లేరు, అందుకునేవారు లేరు, ఎర్ర సిరాతో టిక్కు పెట్టే నేను తప్ప చదివేవారూ లేరు. ఆ లేఖలో ప్రాణం లేదని పిల్లవాడిని నిందించడం న్యాయం కాదు.

ఫోనులో రాసే సందేశానికి మాత్రం చదివే మనిషి ఉన్నాడు. ఆ విలువ నాకు నేర్పింది మా తొమ్మిదో తరగతిలోని ఒక మత్స్యకార బాలిక. మా తీరప్రాంతం నుంచి ఎంతోమంది గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వెళ్లి నెలల తరబడి బోట్ల మీద పనిచేస్తారని పాఠకులకు తెలిసే ఉంటుంది. ఆ అమ్మాయి తండ్రి కూడా అక్కడే ఉన్నాడు. "నాన్నా, ఎప్పుడొత్తావు" అని ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో సందేశం పంపేది. ఐదో తరగతి వరకు తెలుగులో చదువుకున్న ఆ తండ్రికి ఇంగ్లీషు అక్షరాలు రావు. కూతురు రాసిన మాటలను అతడు బోటులో మరొకరి చేత చదివించుకునేవాడు. తన భాషలోనే, తన కూతురు తనకే రాసిన మాట అతనికి పరాయి మనిషి నోటి నుంచి వినవలసి వచ్చేది. ఈ సంగతి ఆ అమ్మాయి ఏడుస్తూ చెప్పలేదు, రాయడం మాని ఎందుకు వాయిస్ మెసేజి పంపుతున్నావని నేను అడిగితే మామూలుగా చెప్పింది. ఆ సాయంత్రమే తల్లి ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టుకోవడం నేర్పాను. వారం తరువాత తండ్రి నుంచి జవాబుగా వచ్చిన గొంతును ఆమె నాకు వినిపించింది. "నానే సదివినానమ్మా" అన్నది అందులోని మొదటి మాట.

అందుకే సమావేశంలో నేను రెండు సంగతులను విడదీసి చెప్పాను. "ఎప్పుడొత్తావు" అని రాయడం తప్పు కాదు, అది మా ఊరి తెలుగు. దానిని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం వల్ల మాత్రం నిజంగా నష్టం జరుగుతోంది. మొదటిదాన్ని తప్పనేవారికి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారిని గుర్తు చేయాలి. పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు, పుస్తకాల తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత దూరం ఎందుకని అడిగిన ప్రశ్న ఆయనను కుదిపింది. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసే మేమే, మర్నాడు పిల్లల నోటి మాటను ఎర్ర సిరాతో కొట్టివేస్తున్నాం. బడిలో నేర్పే ప్రమాణ భాష పిల్లలకు రావాలి, అందులో నాకు సందేహం లేదు. అయితే తండ్రికి రాసే మాటను తండ్రితో మాట్లాడే భాషలో రాయనివ్వాలి.

ఇంగ్లీషు అక్షరాల అలవాటు పిల్లల బద్ధకం వల్ల వచ్చిందనడం కూడా సరికాదు. దాని వెనుక ఒక సాంకేతిక కారణం ఉంది. ఒక ఎస్‌ఎంఎస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పట్టేవి. తెలుగులో రాస్తే 70 స్థానాలే దొరికేవి. పైగా ఆ లెక్కలో గుణింతపు గుర్తులు, పొల్లులు అన్నీ విడివిడి స్థానాలే. "విద్యార్థి" అన్న మాటలో మన కంటికి కనిపించేవి మూడు అక్షరాలు. ఫోను లెక్కలో అవి పది. ఆనాటి చాలా ఫోన్లలో తెలుగు అసలు కనిపించేదే కాదు, అక్షరాల స్థానంలో డబ్బాలు వచ్చేవి. డబ్బు పెట్టి సందేశం పంపే పేదవాడు ఇంగ్లీషు అక్షరాలను ఎంచుకోక ఏం చేస్తాడు? ఇప్పటి వాట్సాప్ సందేశాలకు ఆ హద్దు లేదు, అయినా అలవాటు అన్నల నుంచి తమ్ముళ్లకు దిగింది. కీబోర్డు మార్చుకోవడానికి రెండు నిమిషాలు చాలని పిల్లలకు చెప్పవలసినవాళ్లం మేము. మా ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులోనే సగం తెలుగు ఇంగ్లీషు అక్షరాల్లో నడుస్తున్నప్పుడు ఆ మాట ఏ ముఖంతో చెప్పగలం?

చర్చలో నాకు బాగా నచ్చిన మాట మా సోషల్ మాస్టారిది. ఆయన పదిహేనేళ్లకు పైగా తెలుగులో బ్లాగు రాస్తున్నారు. శిక్షణ కాలంలో పాఠ్యపథకాలు తప్ప మరేమీ రాయని తాను, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులో వచ్చే లేఖిని వంటి ఉపకరణాలు దొరికాక, తమ ఊరి చెరువు గురించి ఒక పేజీ రాశారట. కూడలి, జల్లెడ వంటి చోట్ల తెలుగు బ్లాగులన్నీ ఒకేచోట కనిపించే రోజులవి. ముక్కూ ముఖం తెలియని పాఠకులు వచ్చి, చెరువు మదుం (తూము) గురించి ఇంకా రాయమని అడిగారు, శకట రేఫ (ఱ) ఎక్కడ రావాలో సరిదిద్దారు, ఒక వాక్యం అర్థం కాలేదని మొహమాటం లేకుండా చెప్పారు. "నన్ను దిద్దినవాళ్లు నాకు మార్కులు వేయలేదు మేడం, అందుకే మళ్లీ రాశాను" అన్నారాయన. పిల్లల రాత గురించి మేము ఇన్నేళ్లుగా వెతుకుతున్న జవాబు ఆ మాటలో ఉందని నాకు అనిపించింది. ఇవాళ చాలామంది ఆ బ్లాగులు వదిలి సామాజిక మాధ్యమాలకు వెళ్లిపోయారు. అక్కడ పోయిన నెల రాసిన మంచి వ్యాసం ఈ నెల వెతికితే దొరకదు. ఆయన చెరువు వ్యాసం మాత్రం ఇంకా ఉన్నచోటే ఉంది, మా ఏడో తరగతి పిల్లలు దానిని చదివి చెరువు చూడటానికి వెళ్లారు.

ఇక సంగీతం. రాత గురించిన చర్చలో పాట ప్రసక్తి ఎందుకని ఒకరిద్దరు అన్నారు. నా అనుభవంలో తెలుగు పిల్లలకు రాత మీద పట్టు చెవి ద్వారానే వస్తుంది. గురులఘువులను నల్లబల్ల మీద గీతలుగా నేర్పిన ఏళ్లన్నీ నాకు వృథా అయ్యాయి. ఒక ఏడాది తరగతిలో వెనుక వరుసలో కూర్చునే కుర్రవాడు, వాళ్ల తాతతో కలిసి తప్పెటగుళ్లు ఆడేవాడు, ఛాతీ మీద రేకు తప్పెట ఉన్నట్టే చేతులు పెట్టుకుని బల్ల మీద దరువు వేశాడు. "తకిట తకధిమి" అని వాడు వేసిన ఆ ఏడు మాత్రల నడకే మిశ్రగతి. విజయనగరంలో గురజాడ 1910లో పట్టుకున్న ముత్యాల సరం నడక కూడా అదే, మూడు నాలుగు మాత్రల తూగు. ఆ రోజు పుస్తకం మూసేసి తరగతంతా చప్పట్లతోనే మాత్రలు లెక్కపెట్టాం. ఒక మాత్ర అయితే లఘువు, రెండైతే గురువు అన్న సూత్రం అప్పటి నుంచి మా పిల్లలకు చేతుల్లో ఉంది. ఇంకో విశేషం గమనించాను. దరువుకు మాట కట్టడం మొదలుపెట్టాక ఒత్తులు వాటంతట అవే తిరిగి వచ్చాయి. "అమ్మ"ను "అమ" అని రాస్తే ఒక మాత్ర తగ్గి దరువు కుంటుతుంది, ఆ కుంటు పిల్లల చెవికి వెంటనే తెలుస్తుంది. నా ఎర్ర సిరా చేయలేని పనిని ఆ తప్పెట చేసింది.

ఈ నేల మీద మాటకూ పద్యానికీ పాటకూ మధ్య గోడలు లేవు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు దానికి మొదటి ప్రిన్సిపాల్‌గా ఆదిభట్ల నారాయణదాసు గారిని కూర్చోబెట్టారు. వచనం చెబుతూ, పద్యం చదువుతూ, కీర్తన పాడుతూ, చిరుగజ్జెలతో అడుగులు వేస్తూ కథ నడిపిన హరిదాసు ఆయన. ఆ విజయనగరం మాకు పొరుగు జిల్లా. మా బడిలో మాత్రం సంగీతం టీచరు పదవీ విరమణ చేశాక ఆ స్థానంలోకి ఎవరూ రాలేదు, ఆమె వాయించిన హార్మోనియం సైన్సు బీరువా మీద దుమ్ము పట్టి ఉంది. తెలుగు పద్యాన్ని పాడకుండా చదివే తరం ఉపాధ్యాయుల్లోనే వచ్చేసింది, అందులో నేనూ ఉన్నాను. గొంతు బాగోదన్న బిడియంతో ఎన్నో ఏళ్లు పద్యాలను వచనంలా చదివేశాను. అది నా పిల్లలకు నేను చేసిన అన్యాయం.

విద్యాశాఖను నేను కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కాంప్లెక్స్ సమావేశంలో ప్రతిసారీ ఒక అరగంట ఉపాధ్యాయులు తాము రాసినది చదివి వినిపించుకోవాలి, తోటివారు దానిని దిద్దాలి. తాను రాయని మనిషి రాయడం నేర్పలేడు. పిల్లల రాతపనుల్లో కనీసం ఒక్క లేఖనైనా నిజంగా పంపే లేఖగా మార్చాలి. పోస్టుకార్డుకు పెద్ద ఖర్చేమీ కాదు. మా బడి పిల్లలు రాయలసీమలోనో తెలంగాణలోనో మరో బడి పిల్లలకు, తమ పేరుతో, తమ ఊరి పేరుతో రాస్తే, జవాబు కోసం ఎదురుచూసే ఆ పది రోజుల్లో వారు నేర్చుకునేది గైడులో దొరకదు. ఖాళీగా ఉన్న సంగీతం పోస్టులను భర్తీ చేయాలి, అంతవరకు ఊళ్లోని కళాకారులను, తప్పెటగుళ్లవారినైనా, జముకుల కథ చెప్పేవారినైనా, గౌరవ పారితోషికంతో నెలకు రెండు రోజులు బడికి పిలిచే వీలు ప్రధానోపాధ్యాయులకు ఇవ్వాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. జిల్లా పేజీలో వారానికి ఒక్కసారి, పోస్టుకార్డంత చోటు పిల్లల లేఖలకు ఇవ్వండి. వాటిని మరీ నున్నగా దిద్దకుండా, ఆ ఊరి మాటను ఉండనిచ్చి, కింద ఇంటూ గుర్తులకు బదులు రాసిన బిడ్డ పేరు వేయండి. మీరు సరేనంటే మొదటి విడతగా మా తొమ్మిదో తరగతి పిల్లల ముప్పై ఒక్క లేఖలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, ఈ వారమే పంపుతాను.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయిని,
శ్రీకాకుళం జిల్లా